నా మనసు నుంచి దిగిపోయిన కృష్ణులు

పౌరాణిక నాటకంలో కృష్ణుడు ఒక్కడే ఉండడు. ఊళ్ళో రాయబారం నాటకానికి కాంట్రాక్టు కుదిరిందంటే ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, ఒక్కోసారి మూడో కృష్ణుడు కూడా దిగేవారు. పడకసీను ఒకరిది, కౌరవసభలో రాయబారం మరొకరిది. ఏ సీనుకు ఎవరొస్తారో ముందే తెలుసుకుని జనం చాపలు పరుచుకునేవారు. ఆ కృష్ణుల్లో కొందరిని నేను ప్రాణంగా అభిమానించాను. వాళ్ళలో చాలామంది ఇప్పుడు నా అభిమాన నటులు కారు. వాళ్ళ గొంతుల్లో లోపమేమీ లేదు. పద్యం ఎలా నిలబడుతుందో తెలిసేకొద్దీ ఒక్కొక్కరే నా మనసు నుంచి దిగిపోయారు. ఎందుకో చెప్పాలంటే పద్యం పాడటంలోని పనితనం గురించి మాట్లాడుకోవాలి.

పద్యానికి తాళం లేదు. అన్నిటికన్నా ముందు పట్టించుకోవలసిన సంగతి ఇదే. కీర్తన పాడేవాడికి వెనుక మృదంగం కాలాన్ని కొలిచి పెడుతుంది. పద్యం పాడేవాడికి హార్మోనియం శ్రుతి ఇస్తుంది తప్ప కాలం ఇవ్వదు. ఆ కొలత పద్యంలోని గురులఘువుల్లోనే ఉంది. శార్దూలం మగణంతో మొదలవుతుంది కనుక ఎత్తుకోగానే వరసగా మూడు గురువులు. గొంతును బారుగా నిలబెట్టడానికి కవి ముందే చోటిచ్చాడన్నమాట. చంపకమాల నాలుగు లఘువులతో పరుగెత్తుతూ వస్తుంది. అక్కడ గొంతు సాగదీయడానికి వీల్లేదు, గురువు వచ్చేదాకా ఆగాలి. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే వచ్చేదే చంపకమాల. అంత చిన్న తేడాకే పాడే తీరు మారిపోవాలి. కోపంతో లేచే పాత్రకు శార్దూలమో మత్తేభమో, బతిమాలే చోట కందమో గీతమో పడితే నటుడికి సగం పని కవే చేసిపెట్టినట్టు.

గొంతున్న ప్రతివాడికీ ఆలాపన మీద ఆశ ఉంటుంది. ఆ ఆశ గురువు మీద తీరితే పద్యం వెలుగుతుంది, లఘువు మీద తీరితే మాట చచ్చిపోతుంది. ‘మది’ని లాగితే ‘మాది’ అవుతుంది, ‘వడి’ని లాగితే ‘వాడి’ అవుతుంది. నేను మొదట అభిమానం చంపుకున్న కృష్ణుడు ఇలాంటివాడే. గంట కొట్టినట్టుండే కంఠం, వన్స్‌మోర్ లేకుండా జనం ఒక్క పద్యమూ దాటనిచ్చేవారు కాదు. కానీ పొట్టి అక్షరం మీద రాగం తీసేవాడు. సంజయుడితోనో ధర్మరాజుతోనో ఏమన్నాడో అర్థమయ్యేలోపు మోహనరాగం ఒక చుట్టు తిరిగి వచ్చేది.

ఇంకో ఇబ్బంది పాదాల దగ్గర వస్తుంది. సంస్కృత శ్లోకంలో యతి అంటే ఆగవలసిన చోటు. తెలుగులో యతి అక్షరాల మైత్రి, అక్కడ ఆగాలన్న నియమం లేదు. మాట యతిస్థానాన్ని దాటి పోవచ్చు, పాదం చివర విరిగి రెండో పాదంలో పూర్తి కావచ్చు. ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండోది, శార్దూలానికి పదమూడోది, మత్తేభానికి పద్నాలుగోది యతిస్థానాలు. వాటిని బట్టీ పట్టిన నటుడు సరిగ్గా అక్కడే ఊపిరి తీస్తే సమాసం రెండు ముక్కలవుతుంది. పాదం పూర్తయింది కదా అని రాగం ఎత్తితే సగం మాట గాలిలో వేలాడుతుంది, మిగతా సగం వచ్చేసరికి జనం మొదటి సగాన్ని మరిచిపోతారు. మంచి నటుడు ఊపిరిని అర్థాన్ని బట్టి దాచుకుంటాడు. సంధి ఎక్కడ విడదీస్తే మాట తెలుస్తుందో, ఎక్కడ కలిపితే బిగువు ఉంటుందో చూసుకుంటాడు. ఈ ఒక్క విషయంలో ఎంత పెద్ద పేరున్నవారినైనా నేను మన్నించలేను.

దీర్ఘరాగం ఊరికే పుట్టలేదు. 1880లో ధార్వాడ నాటక కంపెనీ తెలుగు ఊళ్ళకు వచ్చినప్పుడు వాళ్ళ సంగీతానికి జనం ముగ్ధులయ్యారు. ఆ దశాబ్దంలోనే బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పద్యాలూ పాటలూ నిండిన నాటకాలు రాసి ఆడించారు. తర్వాత తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర ఊరూరా పాకాయి. మైకు లేని ఆరుబయట, చివరి వరసలో కూర్చున్నవారికి మాట అందాలంటే శ్రుతి ఎక్కువగా పెట్టుకుని తారస్థాయిలో పాడటం తప్పనిసరి. ఆ అవసరం ఒక గొప్ప కంఠ సంప్రదాయాన్ని తయారుచేసింది. మైకు వచ్చాక అవసరం పోయింది, అలవాటు నిలిచింది. పద్యం పద్యానికీ వన్స్‌మోర్ కొట్టే మేమూ ఆ అలవాటును పెంచి పోషించాం.

ఈ ధోరణిని అప్పుడే కాదన్నవారు ఉన్నారు. బళ్ళారి రాఘవ పద్యాన్ని రాగాలు తీసి పాడటం కన్నా నటనకూ భావానికీ పెద్దపీట వేశారు. ఏలూరులో ప్రభాత్ థియేటర్ నడిపిన బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడి పద్యాన్ని అర్థం తెలిసేలా విడమరిచి చదవడానికి పేరుపడ్డారు. ఉత్తరాంధ్రలో పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు నాకు ఈనాటికీ ఇష్టుడే. ఆయన పద్యంలో చిరునవ్వు వినిపిస్తుంది. రాయబారంలో కృష్ణుడు బెదిరిస్తూనే నవ్వాలి, నవ్వుతూనే లెక్కలు చెప్పాలి. ఆ రెండూ గొంతులో కలవాలంటే పాటకన్నా మాట ముందుండాలి.

ఘంటసాల వచ్చి ఈ లెక్కంతా మార్చేశారు. విజయనగరం సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర చదువుకున్న ఆయనకు రాగానికి లోటు లేదు. అయినా సినిమా పద్యంలో ఆలాపనను పిడికెడుకు తగ్గించి, మిగతా చోటంతా మాటకు ఇచ్చారు. మైకు దగ్గరగా ఉంది కనుక అరవనక్కర్లేదు, నిమిషంన్నరలో సీను ముందుకు పోవాలి కనుక సాగదీయనక్కర్లేదు. 1967లో వచ్చిన ‘శ్రీకృష్ణావతారం’లో రాయబారం పద్యాలు వినండి. ఏ అక్షరమూ నలగదు, చివరి పాదంలో మాత్రం గొంతు ఎక్కవలసిన మెట్టు ఎక్కుతుంది. నా తరం చెవులు పద్యం ఎలా ఉండాలో అక్కడే నిర్ణయించుకున్నాయి.

ఆ తర్వాత రంగస్థలం మీద ఘంటసాలను అచ్చుగుద్దినట్టు దించేవారు బయల్దేరారు. వాళ్ళలో ఒకరిద్దరిని నేను మొదట్లో నెత్తిన పెట్టుకున్నాను. వాళ్ళూ దిగిపోయారు. ఎదురుగా దుర్యోధనుడు నిలబడి ఉన్నాడు, అతని కళ్ళలోకి చూస్తూ అప్పటికప్పుడు పుట్టవలసిన పద్యం అది. ముందే ఇంకొకరు పాడేసిన పద్యాన్ని వాళ్ళు గుర్తుచేసుకుంటున్నారు. సినిమా పద్యంలో కెమెరా మొహం చూపిస్తుంది, రంగస్థలంలో ఆ పనీ గొంతే చేయాలి. అందుకే రికార్డులో అద్భుతంగా ఉన్న తూకం వేదిక మీద ఒక్కోసారి పలచబడుతుంది.

నా కొలబద్దకు ఒకే ఒక్కరు లొంగలేదు. కల్యాణం రఘురామయ్య. ఆయన రాగం దీర్ఘమే, సంగతులు దండిగా వేసేవారు, పైగా ఈలతో పద్యం వినిపించేవారు. ఈలకు అక్షరాలే ఉండవు. అయినా ఆ ఈలలో గురువు గురువులాగే, లఘువు లఘువులాగే పలుకుతుంది. పద్యం తెలిసినవాడికి మాటలు వాటంతటవే వినిపిస్తాయి. రాగం ఎంతసేపు తీశారన్నది అసలు ప్రశ్న కాదని ఆయనవల్ల నాకు తెలిసింది. ఛందస్సు నడక గొంతులో ఉంటే ఎంత రాగమైనా పద్యం మోస్తుంది.

సీసం దగ్గర ఈ నేర్పు ఇంకా బాగా బయటపడుతుంది. ఒక్కో పాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. అలాంటివి నాలుగు పొడుగు పాదాలు, చివర తేటగీతో ఆటవెలదో. తెలివైన గాయకుడు నాలుగు పాదాలనూ ఇంచుమించు ఒకే ఎత్తులో నడిపి, చెప్పవలసిన అసలు ముక్కను గీతంలో తెరుస్తాడు. తొందరపడేవాడు రెండో పాదంలోనే తారస్థాయి అందుకుంటాడు, గీతానికి వచ్చేసరికి పోవడానికి పైన చోటుండదు. కాటిసీనులో హరిశ్చంద్రుడు జాషువా పద్యాలు అందుకున్నప్పుడు కూడా ఇదే చూస్తాను. దుఃఖం మొదటి పద్యంలోనే ఖర్చయిపోతే సీను చివరిదాకా ఏం మిగులుతుంది?

1998లో మొదలైన నంది నాటకోత్సవాల్లోనూ, ఊళ్ళలో పరిషత్తులు జరిపే పోటీల్లోనూ పద్యనాటకానికి చోటు దొరికింది. వాటిలో పాడే కుర్రవాళ్ళ గొంతులు చాలా బాగుంటున్నాయి. వాళ్ళకు నేర్పే పెద్దలను నేను కోరేది ఒకటే. రాగం ఎత్తించే ముందు పద్యానికి ప్రతిపదార్థం చెప్పించండి, గణాలు విడదీయించండి, హార్మోనియం మూసి ఉత్త మాటగా పదిసార్లు చదివించండి. న్యాయనిర్ణేతలు కూడా కంఠానికి వేసే మార్కుల పక్కన పదవిభాగానికి విడిగా మార్కులు వేయాలి. పోటీ పద్యాల్లో రాయబారం, కాటిసీను మాత్రమే కాకుండా కందాలూ గీతాలూ తప్పనిసరి చేస్తే ఇంకా మంచిది. కందం చిన్నది, దాచుకోవడానికి చోటుండదు. నటుడికి మాట మీద ఎంత పట్టుందో నాలుగు పొట్టి పాదాల్లో తేలిపోతుంది.