మా మైనారిటీ ఎప్పుడు తీరుతుంది?

కృష్ణా డెల్టాలో ‘మైనరు’ అన్న మాట తెలియని రైతు ఉండడు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాకపోయినా ఆ మాట మాత్రం వస్తుంది. బెజవాడ బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు పెద్ద కాలువల్లోంచి చిన్న కాలువల్లోకి, వాటిలోంచి మైనర్లలోకి, మైనర్లలోంచి పంట బోదెల్లోకి దిగుతాయి. పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమ చివరంటా పోతే కోడూరు, పాలకాయతిప్ప, హంసలదీవి వస్తాయి. ఆపైన సముద్రమే. అక్కడి శివారు రైతుకి మైనరు అంటే ఏమిటో ఎవరూ నిఘంటువు తీసి చెప్పక్కర్లేదు. ఎగువ వాళ్లు తడుపుకోగా మిగిలితే వచ్చే నీళ్లు, అదీ మైనరంటే.

ఇంత చిన్న మాట మన భాషలో ఎన్ని వేషాలు కట్టిందో! సాగునీటి శాఖ లెక్కలో 2,000 హెక్టార్లకు మించని ఆయకట్టు ఉన్నది మైనరు ఇరిగేషను. పంచాయతీల్లో మేజరువీ ఉన్నాయి, మైనరువీ ఉన్నాయి. డాక్టరు మైనరు ఆపరేషను అంటే రోగి ఊపిరి పీల్చుకుంటాడు, బిల్లు చేతికొచ్చే దాకా. కోర్టులో మైనరు అంటే పద్దెనిమిదేళ్లు నిండనివాడు. అదే మాట కోర్టు మెట్లు దిగి ఊళ్లోకొచ్చేసరికి ‘మైనరు బాబు’ అయి కూచుంది. మైనరు గొలుసు, మైనరు వేషాలు, మైనరు నడక. ఆ పేరుతో 1973లో శోభన్‌బాబు సినిమా కూడా వచ్చింది.

పసివాడు అనే అర్థం ఉన్న మాట సోగ్గాడికి ఎలా అతికింది? మాకు తోచే దారి ఒకటుంది. జమీందారు చిన్న పిల్లాణ్ణి వదిలి చనిపోతే ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి పోయేది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1804 నుంచే ఆ ఏర్పాటు ఉంది. ఎస్టేటు దొరల చేతిలో, పిల్లాడికి నెలనెలా భత్యం, చదువు చెప్పడానికి మేష్టరు. డబ్బుంది, బాధ్యత లేదు. అలాంటి కుర్రవాడు గుర్రమెక్కి ఊరేగుతుంటే చూసిన జనం ‘మైనరు’ అన్న మాటకి తమకు కనిపించిన అర్థం తాము చెప్పుకుని ఉంటారు. ఆస్తి ఉన్నవాడి మైనారిటీ సోకయింది. ఆస్తి లేనివాడి మైనారిటీ సంగతే ఇక్కడ మా ప్రస్తావన.

పాత దస్తావేజుల్లో ఒక పలుకుబడి కనిపిస్తుంది: ‘మైనారిటీ తీరిన పిమ్మట’. అంటే కుర్రవాడు ఎదిగాక తన ఆస్తి తను చూసుకోవచ్చునని. ఈ వాడుకలో మైనారిటీ ఒక వయసు. అది తీరుతుంది. సంరక్షకుడు లెక్కలు అప్పగించి తప్పుకుంటాడు. 1875 నాటి ఇండియన్ మెజారిటీ చట్టంలో ఒక తమాషా నిబంధన కూడా ఉండేది. మామూలు పిల్లవాడికి పద్దెనిమిదో ఏట మైనారిటీ తీరుతుంది. కోర్టు వారు సంరక్షకుణ్ణి నియమించిన పిల్లవాడికి మాత్రం ఇరవై ఒకటో ఏటగానీ తీరదు. 1999లో ఆ తేడా తీసేశారు. సంరక్షకుడున్న పాపానికి మూడేళ్లు ఎక్కువ పసివాడుగా ఉండాలన్నమాట! ఈ నిబంధనను పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇదే ఇంగ్లీషు మాట జనానికి అంటుకున్నప్పుడు మరొకటయింది. రాజ్యాంగం 29, 30 అధికరణాల్లో మైనారిటీల ప్రస్తావన ఉంది గాని మైనారిటీ అంటే ఎవరో నిర్వచనం లేదు. మతాన్ని బట్టి చట్టసభల్లో సీట్లు కేటాయించే ఆలోచనను 1949లో రాజ్యాంగ సభే వదులుకుంది. 1992 నాటి జాతీయ మైనారిటీల కమిషన్ చట్టం కింద 1993లో ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు అని అయిదు పేర్లు ప్రకటించారు. 2014లో జైనులు కలిశారు. ఎవరు మైనారిటీయో రాష్ట్రాన్ని బట్టి లెక్కించాలని టి.ఎం.ఎ. పాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఇది తలల లెక్క. వయసుకు సంబంధం లేదు. తీరడమనే ప్రసక్తే లేదు.

తలల లెక్కే అయితే ఇంకో మైనారిటీ కూడా గుర్తొస్తుంది. 1991లో మన పి.వి. గారి ప్రభుత్వం మైనారిటీ ప్రభుత్వంగా మొదలై అయిదేళ్లూ నిండా ఏలింది. దాన్ని ఎవరూ జాలిగా చూడలేదు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలినప్పుడు ఢిల్లీలో ఉన్నది ఆ ప్రభుత్వమే. ఒక మైనారిటీకి సైన్యం ఉంది, పోలీసులున్నారు. రెండో మైనారిటీకి కమిషన్ ఉంది.

ఉర్దూలో ఈ గందరగోళం లేదు. వయసు తక్కువవాడు ‘నాబాలిగ్’. సంఖ్య తక్కువైన జనం ‘అఖల్లియత్’. ఒకటి ఎదగడానికి సంబంధించిన మాట, రెండోది కొలతకు సంబంధించిన మాట. ఒకదాని బదులు ఇంకోటి వాడితే పిల్లలు కూడా నవ్వుతారు. ఇంగ్లీషులో రెండూ ఒకే గొంతుతో పలుకుతాయి. తెలుగులో ఇంకా ఘోరం జరిగింది. ‘అల్పసంఖ్యాకులు’ అని అనువదించారు. సంఖ్య అల్పమనే వారి ఉద్దేశం, కాదనం. కానీ తెలుగులో ‘అల్పుడు’ అంటే ఏమిటో, ‘అల్పబుద్ధి’ అంటే ఏమిటో బడిపిల్లవాడికి తెలుసు. సంఖ్య అన్న మాట చెవి దాటిపోతుంది, అల్పం మాత్రం నిలిచిపోతుంది. ‘పింజారి’కి పట్టిన గతి ఇదే కదా. దూది ఏకి బతికే మనిషి వృత్తి పేరు తిట్టయింది. బుర్రకథ పితామహుడనిపించుకున్న షేక్ నాజర్ తన జీవిత కథకు ఆ తిట్టునే పేరుగా పెట్టుకున్నాడు. అలా ఎదురు తిరిగే శక్తి ‘అల్పసంఖ్యాకుడు’ అనే మాటలో లేదు. దాన్ని ఎవడూ ఛాతీ మీద రాసుకోలేడు.

సర్టిఫికెట్ల దగ్గర ఈ మాట పని చేస్తుంది, ఆ సంగతి దాచం. సొంత విద్యాసంస్థ పెట్టుకునే హక్కు 30వ అధికరణం నుంచే వచ్చింది. స్కాలర్‌షిప్పుకీ అదే మాట కావాలి. అయితే ఆ గొడుగు కింద నిలబడ్డ వాళ్లందరూ ఒకటి కాదు. దూదేకుల నూర్‌బాషాలు బి.సి.-బి. దళిత క్రైస్తవులు బి.సి.-సి, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల చర్చి గుమ్మం తొక్కిన దళితుడు ఎస్.సి. కాకుండా పోయాడు. 2007లో కొన్ని ముస్లిం వృత్తి సమూహాలను బి.సి.-ఇ గా చేర్చి 4 శాతం రిజర్వేషను ఇచ్చారు. హైకోర్టు కొట్టేస్తే 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. సయ్యద్‌లు, పఠాన్‌లు, మొగల్‌లు అందులో లేరు. ఇంతమందినీ కలిపి ‘మైనారిటీలు’ అని ఒక్క మాట అంటే మన లోపలి కులం కనబడకుండా పోతుంది. దూదేకుల పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి మొహం చిట్లించే షరీఫులకు ఈ మాట ఎంత హాయిగా ఉంటుందో వేరే చెప్పాలా? అందరం మైనారిటీలమే కదా, మనలో మనకి తేడాలేమిటి అంటారు, పెళ్లి మాట ఎత్తనంత సేపూ.

పత్రికాఫీసుల్లో పని చేసిన వాళ్లం గనక ఇంకో వాడుక చెప్పాలి. ఊళ్లో గొడవలు జరిగి మనవాళ్ల దుకాణం తగలబడితే ‘ఒక మైనారిటీ వర్గానికి చెందిన’ అని రాస్తారు. ఉద్రిక్తత పెరగకుండా ఈ జాగ్రత్త, మంచిదే. ఎక్కడో బాంబు పేలి ఒక కుర్రాణ్ణి అనుమానం మీద పట్టుకుంటే మాత్రం పేరు, తండ్రి పేరు, వీధి పేరు సహా అచ్చవుతాయి. నష్టపోతే మైనారిటీ, అనుమానం వస్తే ముస్లిం. ఎక్కడ ఏ మాట వాడాలో ఏ సంపాదకుడూ నేర్పడు. చెయ్యి దానంతటదే రాసుకుపోతుంది.

ఇక సాహిత్యానికి వద్దాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’, 2004లో ‘వతన్’ వచ్చాయి. షాజహానా ‘నఖాబ్’ వచ్చింది. స్కైబాబ కథలు ‘అధూరె’ వచ్చాయి. పేర్లు మరోసారి చూడండి. ఒంటి మీది మచ్చ, భూకంపం, స్వదేశం, ముసుగు, అసంపూర్ణం. ఒక్క దానిలోనైనా మైనారిటీ ఉందా? మన రచయితలు తమకు తాము పెట్టుకున్న పేర్లు ఇవి. పాఠ్యప్రణాళికల్లోకి, విమర్శ వ్యాసాల్లోకి ఎక్కేసరికి ఇవన్నీ కలిసి ‘మైనారిటీ వాద కవిత్వం’ అనే ఒక్క అరలో పడ్డాయి. స్త్రీవాదం తర్వాత, దళితవాదం తర్వాత, చివర్న ఒక అర. శివారు భూమి అన్నమాట.

ఆ అరలో మా మీద జరిగే విమర్శ ఎలా ఉంటుంది? రెండు రకాలు. ఒకటి బుజ్జగింపు. ‘మీ తెలుగు చాలా బావుందండీ’ అంటారు. దూదేకుల వాళ్లకి ఇంట్లో కూడా తెలుగే. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పుట్టినవాళ్లం సైతం బడిలో నేర్చింది తెలుగే. ఒకరి తెలుగు బాగుందని వారి మొహం మీదే ఎవరు చెబుతారు? పసివాడు మొదటి పద్యం అప్పజెప్పినప్పుడు చెబుతారు. రెండో రకం హెచ్చరిక. మతం గురించి అంత గట్టిగా మాట్లాడొద్దు, అసలు శత్రువు వేరే ఉన్నాడు, ప్రధాన స్రవంతిలో కలవండి అంటారు. ఇలా అనేవాళ్లు చాలామంది అభ్యుదయవాదులే. మతోన్మాదం మీద మాతో కలిసి నడిచిన వాళ్లే. వారి నిజాయితీని మేం శంకించడం లేదు. కానీ అది సంరక్షకుడి నిజాయితీ. 1875 చట్టం సంగతి చెప్పింది ఇందుకే. సంరక్షకుడు ఎంత మంచివాడైనా వాడున్నంత కాలం మైనారిటీ తీరదు.

హంసలదీవికి ఒక స్థలకథ ఉంది. నల్లకాకి రూపంలో ఉన్న గంగ తీర్థాలన్నీ తిరిగి చివరికి కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఇక్కడ మునిగి తెల్లటి హంస అయిందట. భక్తులకు అది పుణ్యకథ, దానితో మాకు పేచీ లేదు. స్రవంతిలో కలవమనే విమర్శకుల మాటలు విన్నప్పుడల్లా మాత్రం మాకు ఆ కాకే గుర్తొస్తుంది. మునిగి రంగు మార్చుకుని వస్తే చేర్చుకుంటాం అంటున్నారు.

సంరక్షకులు బయటే లేరు. ఇంట్లో ‘వలీ’ ఉన్నాడు. మసీదు కమిటీల్లో, పార్టీల మైనారిటీ సెల్లుల్లో పదవి పట్టుకుని మన తరఫున మాట్లాడేవాళ్లున్నారు. 1985లో షాబానో కేసు తీర్పు వచ్చినప్పుడు, 1986లో చట్టం తెచ్చినప్పుడు కొట్లాడుకున్నదంతా ఈ సంరక్షకులే. భరణం అడిగిన ముసలమ్మ మాట ఎవరు విన్నారు? మైనారిటీలో మైనారిటీ ఆమె. మన ఆడవాళ్లు కవిత్వం రాయడం మొదలుపెట్టాక గాని ఈ లెక్క బయటపడలేదు. బయటివాళ్ల సంరక్షణ వద్దనే మగ రచయితలు ఇంట్లో వలీగిరీ వదులుకోకపోతే మా వాదనకు బలం ఏముంటుంది?

కాఫ్కా మీద 1975లో డెల్యూజ్, గటారీ అనే ఇద్దరు ఫ్రెంచి పండితులు ఒక పుస్తకం రాశారు. మైనరు సాహిత్యమంటే చిన్న భాషలో పుట్టేది కాదు, పెద్ద భాష లోపల తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లు నిర్మించుకునేది అన్నారు. ప్రాగ్‌లో ఒక యూదుడు జర్మన్ భాషలో రాయడం దానికి ఉదాహరణ. మన విమర్శకులకు ఈ మాట బాగా నచ్చింది. మాకూ కొంత నచ్చింది. కానీ బందరు మనిషికి అది పూర్తిగా అతకదు. ఎందుకంటే ఇక్కడ పెద్ద భాష లోపల మేం అద్దెకు దిగలేదు.

‘బందరు’ అనే మాటే పారశీకం. రేవు అని అర్థం. గోల్కొండ వారికి అదే పెద్ద ఓడరేవు. 1611లో ఇంగ్లీషువారు కొట్టు పెట్టుకోవడానికి వచ్చేనాటికే అక్కడ పారశీక వర్తకులున్నారు. కలం, కారీ రెండూ పారశీకమే. పెడన అద్దకం చీర కట్టుకున్న ఇల్లాలు మైనారిటీ మాట కట్టుకున్నాననుకోదు. బందరు లడ్డు తినేవాడికి ఆ ఊహే రాదు. జిల్లా, తాలూకా, దస్తావేజు, వకీలు, దావా, రాజీ, ఫిర్యాదు, హక్కు, వసూలు, ఖరీఫు, రబీ. ఇవి తీసేస్తే డెల్టా రైతు ఒక్క రోజు వ్యవహారం నడపలేడు. ఇవన్నీ తెలుగైపోయాయి, సంతోషం. మా కథలో నానీ, దువా, దస్తర్‌ఖాన్ అనే మాటలొస్తే మాత్రం ‘పరాయి పదాలు, అర్థం కాలేదు’ అంటారు.

ఈ జిల్లాలోనే భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1921లో బెజవాడలో జెండా నమూనా గాంధీగారికిచ్చినప్పుడు అందులో ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తు. మిగతా మతాల కోసం తెలుపు కలపమన్నది గాంధీగారు. 1931 వచ్చేసరికి రంగులకు మతంతో పనిలేదని కాంగ్రెసు తీర్మానించింది. ఆ నిర్ణయం తప్పని మేం అనం. ఒకప్పుడు ఈ నేల మీద మమ్మల్ని ఒక రంగుగా చూసిన మనిషి ఉన్నాడని మాత్రం గుర్తు చేస్తున్నాం. అప్పుడాయనకు తలలు లెక్కపెట్టాలనిపించలేదు.

మైనారిటీ అన్న మాటను దరఖాస్తుల్లో ఉండనివ్వండి, కాలేజీ సీటుకి కావాలి. కథకీ కవిత్వానికీ ముందు తగిలించడం ఆపితే చాలు. విమర్శకులు ‘ముస్లిం రచయిత’ అనడానికి నాలిక తడబడనక్కర్లేదు. దూదేకుల రచయితను దూదేకుల రచయిత అనవచ్చు, మాకేమీ నామోషీ లేదు. ఇలాంటి సంకలనాల చివర ఉర్దూ మాటలకు అర్థాల పట్టిక వేయడం ఆనవాయితీ. వేయండి. ఆ పట్టికలో దువా పక్కన దస్తావేజు, నానీ పక్కన వకీలు, వతన్ పక్కన బందరు కూడా చేర్చండి.