అభ్యసన వైకల్యం – ఒగ్గుకథ: కళా భాగస్వామ్యంపై ఒక పరిశీలన

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 మేధో వైకల్యాన్నీ, నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్నీ 21 వైకల్యాలలో చేర్చింది. దాని 29వ సెక్షన్ కళా కోర్సులను దివ్యాంగులకు అనువుగా రూపొందించాలని నిర్దేశించింది. ఆచరణలో కళ కేవలం చికిత్సగా మిగిలి, ఈ నిర్దేశం మరుగునపడే ప్రమాదం ఉంది. చికిత్స ప్రయోజనం అభ్యాసకులకే పరిమితం. కళ ప్రేక్షకులకు కూడా అందుతుంది.

ఈ భేదాన్ని గుర్తించడానికి ఒగ్గుకథ తగిన ప్రక్రియ. చుక్క సత్తయ్య వంటి కళాకారుని అందించిన జనగామ ప్రాంతంలో అది సజీవ సంప్రదాయం. దానికి అక్షరం కంటే వినికిడి, డోలు లయ, పునరావృతి, అభినయం ఆధారం. ప్రధాన కథకుడు ఆపినచోట వంతపాటగాడు అందుకుంటాడు. చదవడం కష్టమైనవారికి ఇక్కడ అక్షరం అడ్డురాదు. మేధో వైకల్యమున్నవారికి పునరావృతి ఆసరా కాగలదు. మహబూబాబాద్ తండాల లంబాడీ నృత్యగీతాలు, భూపాలపల్లి అటవీ గ్రామాల కోయ నృత్యాలు కూడా సామూహికంగా చూసి, చేసి నేర్చుకునేవే.

అయితే అభ్యాసకులను ఎల్లప్పుడూ వంతకే పరిమితం చేస్తే తరగతిలోని వెనుక వరుసే వేదికపైనా కొనసాగుతుంది. బీరప్ప, మల్లన్న కథలు ఆరాధనతో ముడిపడినవి కనుక వాటిని కేవలం బోధనోపకరణాలుగా చూడరాదు. ఒగ్గు కళాకారులను తగిన పారితోషికంతో గురువులుగా ఆహ్వానించాలి. అభ్యాసకులు ఎంత మెరుగుపడ్డారన్నది ఒక్కటే గీటురాయి కాదు. వారు కథ నడిపినప్పుడు ఊరు కూర్చుని విన్నదా అన్నది కూడా అంతే ముఖ్యం.