కుడి క్లిక్కులో ఉండాల్సిన పని

ఈ వారం ఒక జిరాక్స్ షాపులో చూసింది నాకు అస్సలు నచ్చలేదు. డిగ్రీలో చేరబోతున్న అమ్మాయి టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఆధార్, కుల, ఆదాయ సర్టిఫికెట్లు అన్నీ ఒకే పీడీఎఫ్‌గా కావాలంది. షాపు కుర్రాడు బ్రౌజర్ తెరిచి, ఏదో ఉచిత సైటులోకి అన్నిటినీ ఎక్కించేశాడు. ఒక కుటుంబం వివరాలన్నీ ఊరూ పేరూ తెలియని సర్వర్‌కు వెళ్లిపోయాయి. ఆ కంప్యూటర్లో ఉన్నది ఉబుంటూ. పీడీఎఫ్‌లను కలిపే పీడీఎఫ్‌యునైట్ కమాండు దాంతోపాటే వస్తుంది.

మన కాగితాలు మన కంప్యూటర్ దాటి పోనక్కర్లేదని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. మళ్లీ రాస్తున్నాను. టెర్మినల్‌లో పీడీఎఫ్‌యునైట్ అని కొట్టి, కలపాల్సిన ఫైళ్ల పేర్లు వరసగా ఇచ్చి, చివర కొత్త ఫైలు పేరు ఇస్తే చాలు. నెట్ లేకపోయినా పనవుతుంది. ఫొటో 50 కేబీ లోపు ఉండాలని దరఖాస్తు అడిగితే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రాము ఉంది. జేపెగ్ ఎక్స్‌టెంట్ 50 కేబీ అని చెబితే ఆ పరిమితికి తగ్గట్టు నాణ్యతను అదే సర్దుతుంది. అందులోని కన్వర్ట్ కమాండుకు వేరే పేరిస్తే కొత్త ఫైలు రాస్తుంది. మాగ్రిఫై మాత్రం ఉన్న ఫైలు మీదే రాసేస్తుంది. పెళ్లి ఫొటోల ఫోల్డరులో మాగ్రిఫై జోలికి పోకండి.

ఈ-ఆధార్ దగ్గర ఒక చిక్కుంది. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు క్యాపిటల్స్‌లో, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం - ఇదీ దాని పాస్‌వర్డు. తాళం వేసిన ఫైలును పీడీఎఫ్‌యునైట్ కలపదు. క్యూపీడీఎఫ్ అనే కమాండుకు ఆ పాస్‌వర్డు ఇచ్చి డీక్రిప్ట్ చేయమంటే తాళం లేని కాపీ తీసిస్తుంది. పని కాగానే ఆ కాపీని చెరిపేయాలి.

ఈ చిన్న చిన్న కమాండ్ల మీద నాకున్న ఇష్టం పాత పాఠకులకు తెలుసు. బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ 1964లోనే ఒక కాగితం మీద రాసిపెట్టాడు, తోటకు నీళ్లు పెట్టే గొట్టాల్లా ప్రోగ్రాములను ఒకదానికొకటి తగిలించుకునే వీలుండాలని. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌లో ఆ గొట్టాన్నే పైపు పేరుతో పెట్టాడు. ఉదాహరణకు, డిస్కు నిండిపోయిందా? డీయూ ఫోల్డర్ల సైజులు చెబుతుంది, సార్ట్ పెద్దవాటిని పైకి తెస్తుంది, హెడ్ మొదటి పదింటిని చూపిస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ పక్కదాని సంగతి తెలియదు. అయినా కలిసి పనిచేస్తాయి. అర్ధశతాబ్దం దాటినా ఆ పద్ధతి చెక్కుచెదరలేదు.

కాబట్టి అందరూ టెర్మినల్ నేర్చుకోవాలంటానని మీరు అనుకుంటూ ఉంటారు. ఈసారి ఆ మాట అనను. షాపు కుర్రాడి ముందు ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు. ఫైళ్ల పేర్లు కొడుతూ కూర్చునే తీరిక అతనికి ఎక్కడిది? ఆ సైటు వాడటానికి కారణం అజ్ఞానం కాదు, అదే దగ్గర దారి. ఇంతకంటే దగ్గర దారి మనం వేసి ఇవ్వాలి.

ఆ దారి ఉబుంటూలోనే ఉంది. హోమ్ ఫోల్డరులో కంట్రోల్, హెచ్ నొక్కితే దాచిన ఫోల్డర్లు కనిపిస్తాయి. డాట్ లోకల్, అందులో షేర్, అందులో నాటిలస్, అందులో స్క్రిప్ట్స్. అక్కడ రెండు లైన్ల ఫైలు పెట్టి, దానికి నడిచే అనుమతి ఇస్తే కుడి క్లిక్కు మెనూలోకి వచ్చేస్తుంది. మొదటి లైనులో బ్యాష్ చిరునామా. రెండో లైనులో పీడీఎఫ్‌యునైట్, దాని పక్కన డాలర్ ఎట్, చివర కొత్త పేరు. ఎంచుకున్న ఫైళ్లన్నీ ఆ డాలర్ ఎట్‌లోకి వస్తాయి. దాని చుట్టూ డబుల్ కోట్స్ తప్పనిసరి. లేదంటే ‘అమ్మ ఆధార్’ అనే ఫైలును షెల్ ‘అమ్మ’ ఒకటి, ‘ఆధార్’ ఒకటి అని విడగొట్టి, అలాంటి ఫైళ్లే లేవంటుంది. కొత్త పేరుకు డేట్ కమాండుతో తేదీ, గంట, నిమిషం, సెకను కూడా తగిలించండి. లేకపోతే ముందు వచ్చినవాళ్ల ఫైలు మీద తర్వాతివాళ్లది పడుతుంది.

లినక్స్ మింట్‌లోని ఫైల్ మేనేజర్ నెమోకూ ఇలాంటి స్క్రిప్ట్స్ ఫోల్డరే ఉంది. థూనార్ ఫైల్ మేనేజర్‌లో వీటిని కస్టమ్ యాక్షన్స్ అంటారు.

ఫైలుకు పెట్టిన పేరే మెనూలో కనిపిస్తుంది కాబట్టి తెలుగులో పెట్టండి: ‘పీడీఎఫ్‌లు కలుపు’, ‘ఫొటో 50 కేబీకి తగ్గించు’. స్క్రిప్టు రాయడం వచ్చినవాళ్లు తమ కంప్యూటర్‌తో ఆగిపోవద్దు. తెలిసినవాళ్ల ఉబుంటూ కంప్యూటర్ కనబడితే, వాళ్లనడిగి ఈ రెండూ పెట్టి రండి.