గీత నిలకడ పడేదాకా

పొద్దున లేవగానే, కాఫీ కంటే ముందు, రాత్రి కంప్యూటర్‌లో పెట్టిన సిమ్యులేషన్ రన్ ఎంతవరకు వచ్చిందో చూసుకుంటాను. తెర మీద ఒకటే గీత. ప్లాస్మాలోంచి వేడి ఎంత జోరుగా బయటికి పోతోందో చెప్పే గీత.

ఆ ప్లాస్మా ఉండేది టోకమాక్‌లో. కేంద్రక సంలీనం కోసం దాన్ని అయస్కాంతాలతో పట్టి ఉంచే, గారె ఆకారంలో ఉండే గది అది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ అనే టోకమాక్‌లో ప్లాస్మా నడిమధ్య 15 కోట్ల డిగ్రీలు ఉండాలి. అక్కణ్ణుంచి అంచుకి రెండు మీటర్లే. అయాన్లు అయస్కాంత రేఖల చుట్టూ మిల్లీమీటర్ల సున్నాలు చుడుతూ తిరుగుతాయి. ఒకదాన్నొకటి గుద్దుకోవడం వల్లే వేడి పోయేదైతే ఇంత పెద్ద యంత్రం అక్కర్లేకపోయేది. ఉష్ణోగ్రత వాలు మరీ నిటారైతే అలలు లేచి, సుడులై, వేడిని తోడి బయట పోస్తాయి. ఆ సుడులను లెక్కగట్టడమే నా పని.

చేరిన మొదటి ఏడాది, అందరూ తమ కోడ్‌ను సరిచూసుకునే సైక్లోన్ కేసు నాకూ ఇచ్చారు. వాలు కొలత 5 దగ్గర పెట్టాను. గీత ఝామ్మని లేచింది, శిఖరం తాకి దిగింది. అక్కడే సగటు తీసి గైడ్ గారికి చూపించాను. ఆయన అంకె వైపు చూడనే లేదు. "ఇంకా నడవనియ్యమ్మా" అన్నారు.

నడవనిచ్చాను. సుడుల బొమ్మలో మొదట ఎరుపు, నీలం పాయలు వేళ్ళలా అంచు వైపు చాచుకుని ఉన్నాయి. కాసేపటికి అవి అడ్డంగా తెగి ముక్కలయ్యాయి. గీత దాదాపు సున్నాకి పడిపోయింది. సుడులు తామే పుట్టించిన, అడ్డంగా పారే జోనల్ ప్రవాహాలు తిరిగి ఆ సుడులనే కోసేశాయి. శాస్త్రవేత్త డిమిట్స్, ఆయన సహచరులు 2000లో అచ్చువేసిన ఫలితం ఇదే: రేఖీయ సిద్ధాంతం ప్రకారం వాలు 4 దగ్గర మొదలవ్వాల్సిన వేడి కారడం 6 దాకా మొదలవదు. నేను తీసిన సగటు ఉత్త అబద్ధం. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

రన్ పొడిగిస్తే ఖర్చే, ఒప్పుకుంటాను. అయాన్లకంటే దాదాపు 60 రెట్లు చిన్న సున్నాలు చుట్టే ఎలక్ట్రాన్ల సుడులనూ అదే రన్‌లో పట్టాలంటే సూపర్ కంప్యూటర్‌లో కోర్-గంటలు కోట్లలోకి పోతాయి. అయినా కాలం దగ్గర పిసినారితనం పనికిరాదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నా విన్నపం ఒకటి. పేపర్‌లో సగటు ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి, గీత మొత్తం వేయండి. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా సగటు తీశారో దాని మీదే గుర్తు పెట్టండి.