జెర్డన్ గ్రంథంలో కలివికోడి

భారతదేశపు పక్షులను గూర్చి టి. సి. జెర్డన్ వ్రాసిన గ్రంథం 1862-64 సంవత్సరాలలో కలకత్తాలో వెలువడినది. జెర్డన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు, నెల్లూరులో పనిచేసినవాడు. అందుచేత శాస్త్రీయ నామాల ప్రక్కన తెలుగు పేర్లనుకూడా అనేకం చేర్చినాడు. ఈ గ్రంథపు గుణదోషాలు రెండూ కలివికోడిని గూర్చిన చిన్న భాగంలో స్పష్టంగా కనిపిస్తవి.

కలివికోడి ముళ్లపొదల మధ్య నేలమీద తిరిగే పిరికిపిట్ట. దాని రొమ్ముమీద రెండు పట్టెలుండును. జెర్డన్ సేకరించిన ఈ పక్షికి 1848లో బ్లైత్ శాస్త్రీయ నామం పెట్టినాడు. ఇది నెల్లూరు, కడప ప్రాంతపు కొండసీమలలో, రాళ్లు, మిట్టపల్లాలు, పలుచని అడవిగల నేలలో ఉండునని జెర్డన్ వర్ణించినాడు. ఈ వర్ణన నిక్కమైనది. 1986లో ఈ పక్షి మరల దొరికినది అట్టి నేలమీదనే.

అయితే ఇది రాత్రివేళ సంచరించునన్న ముఖ్యవిషయం ఆ వర్ణనలో లేదు. ఈ లోపం చిన్నది కాదు. 1900 తరువాత 86 ఏండ్లు ఈ పక్షి శాస్త్రజ్ఞుల కంట పడలేదు. అది నశించినదనికూడా పలువురు తలచినారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా గ్రామాలలో విచారించగా, 1986 జనవరిలో ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టియిచ్చినాడు. గ్రంథం చెప్పనిది పల్లెవానికి తెలియును!

ఇక పేరు సంగతి. జెర్డన్ ఆంగ్లలిపిలో వ్రాసిన తెలుగు పేరును "అడవి ఉత్తతిత్తి" అని చదువవచ్చును. దానికి ఆయన "అడవిలోని వట్టి సంచి" అని అర్థం చెప్పినాడు. పిట్టకు వట్టి సంచితో పోలిక ఏమిటో చెప్పలేదు. తీతువువలె కొన్ని పక్షులకు వాటి కూతనుబట్టి పేర్లు వచ్చినవి. కలివికోడి మునిమాపున రెండక్షరాల కూతను మరల మరల కూయును. "తిత్తి" ఆ కూతకు అనుకరణమేమో! ఇది ఊహ మాత్రమే. కాని పేరు చెప్పినవానిని కారణంకూడా అడిగి వ్రాసియుంటే నేడు ఈ ఊహకు పని ఉండేది కాదు. పేరు గ్రంథానికెక్కినది, చెప్పినవాని జ్ఞానం ఎక్కలేదు.

తెలిసిన ప్రాణినే కాపాడగలము. కలివికోడి మరల దొరికినందువల్లనే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడినది; తరువాత తెలుగుగంగ కాలువ దారినికూడా మార్చినారు.

జెర్డన్ ఈ పక్షిని పల్నాటిలో చూచినట్లు వ్రాయలేదు. అయినను మాచర్ల, గురజాల ప్రాంతాల విద్యార్థులకు రాతినేలలు, ముళ్లపొదలు, వాటిలో తిరిగే పిట్టలు కొత్తవి కావు. ఉపాధ్యాయులు వారిచేత ప్రతి పిట్టకు ఊరిలోని పేరు, ఆ పేరుకు కారణం, అది కూసే వేళ, ఈ సంగతులు చెప్పినవారి పేరు వ్రాయించవలెను. జెర్డన్ వదలిన ఖాళీని పూరించుటకు ఒక నోటుపుస్తకం చాలును.