చార్టు చుట్ట, ఒక్క స్లైడు

చార్టు గోడకు నిలవలేదు. చాలా రోజులు రబ్బరు బ్యాండులో చుట్టుకుని ఉన్న కాగితం కదా, విప్పగానే మళ్లీ చుట్టుకుపోయింది. ఇద్దరు స్నేహితురాళ్లు చెరో అంచు పట్టుకుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి మొదలుపెట్టింది. ఫ్లోరిన్ ఒక మూలకం, దాని పరమాణు సంఖ్య 9, అది హాలోజన్ల కుటుంబానికి చెందింది. ఉన్న ఎనిమిది నిమిషాల్లో మూడు అక్కడే కరిగిపోయాయి.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక కాలేజీ హాల్లో ఇంకో ప్రసంగం విన్నాను. పరిశోధక విద్యార్థి, చేతిలో కాగితం ముక్క కూడా లేదు. వెనక తెర మీద ఒకటే బొమ్మ: రెండు పలువరుసలు, ఒకటి తెల్లగా, ఒకటి గోధుమరంగు చారలతో. మూడు నిమిషాల గడువుకు ఇంకా పది సెకన్లు ఉండగానే ముగించి తల వంచాడు. చప్పట్లు ఆగడానికి కాస్త సమయం పట్టింది.

ఇద్దరి విషయమూ తాగే నీళ్లలో ఫ్లోరైడే. తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో, అందులోనూ మా కడత్తూరు లాంటి మెట్ట నేలల ఊళ్లలో, నీళ్ల మీద పరిశోధన అన్నాక ఫ్లోరైడ్ మాట రాక తప్పదు. అడుగున గట్టి రాయి. ఆ రాతి ఖనిజాల్లో ఉన్న ఫ్లోరైడ్, నీళ్లు రాతి పగుళ్లలో నిలిచినకొద్దీ కొంచెం కొంచెంగా దిగుతుంది. ఆ నీళ్లు తాగితే వచ్చే ఫ్లోరోసిస్ రోగాన్ని మన దేశంలో మొదట శాస్త్రబద్ధంగా నమోదు చేసింది తెలుగు నేల మీదే. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల మనుషుల్ని పరీక్షించి షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1937లో ఆ సంగతి ప్రచురించారు. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పటిక, సున్నం పద్ధతికి నల్లగొండ పేరే ఉంది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీళ్లు తెచ్చే హొగెనకల్ పథకం జపాన్ రుణంతో కట్టి 2013లో మొదలుపెట్టారు. దాని పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ అన్న మాట ఉంది.

ఆ రెండు ప్రసంగాల్నీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను గనుక, ముందు వాటి అచ్చుల సంగతి. అమ్మాయిది జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ అచ్చు. 1993లో మొదలైన ఈ కార్యక్రమంలో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి ఎంచుకుని, జట్టుగా పనిచేసి, తమ భాషలోనే చెబుతారు. నాలుగు చార్టులు, ఎనిమిది నిమిషాలు, ఆపైన రెండు నిమిషాలు ప్రశ్నలు. తమిళనాట దీన్ని సైన్స్ ఫోరం భుజాన వేసుకుంది. ఆంధ్రలో జన విజ్ఞాన వేదిక వాళ్లు ఊరూరా తిరిగారు. పరిశోధక విద్యార్థిది త్రీ మినిట్ థీసిస్ అచ్చు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో దీన్ని పుట్టించింది. అప్పుడక్కడ గట్టి కరువు. స్నానం మూడు నిమిషాల్లో ముగించమని, జనం బాత్‌రూమ్ గోడకు ఇసుక గడియారం తగిలించుకునేవారట. అది చూసి అక్కడి డీన్‌కు ఈ ఆలోచన వచ్చింది. 80,000 మాటల థీసిస్‌ను చదివి వినిపించాలంటే తొమ్మిది గంటలు పడుతుంది, దాన్ని మూడు నిమిషాల్లో చెప్పాలి. స్లైడు ఒకటే, అదీ కదలకూడదు. సెకను దాటితే పోటీలోంచి తీసేస్తారు. నీళ్ల కరువులోంచి పుట్టిన పద్ధతి నీళ్ల కరువు జిల్లాకు రావడం నాకెందుకో నచ్చింది.

మొదలుపెట్టిన తీరులో అబ్బాయిదే పైచేయి. ఆ బొమ్మ చూపించి రెండు ఊపిరుల పాటు ఊరుకున్నాడు. హాలు మొత్తం నాలుకతో తన పళ్లు తడుముకుని ఉంటుంది. అమ్మాయి తప్పు మన పాఠ్యపుస్తకాల తప్పు. నిర్వచనంతో మొదలెట్టకపోతే మార్కులు పోతాయని చిన్నప్పటి నుంచీ నూరిపోశాం. తన దగ్గరున్న అసలు సరుకు ఏడో నిమిషంలో బయటికొచ్చింది. నీళ్లు పరీక్షించే కిట్‌లోని మందు చుక్కలు గులాబీరంగులో ఉంటాయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నకొద్దీ ఆ గులాబీ వెలిసి పసుపులోకి తిరుగుతుంది. వీధి చివరి బోరు నీళ్లు పోసిన గొట్టం పసుప్పచ్చగా అయిపోయినప్పుడు తను భయపడి, కిట్ పాడైందనుకుని, మళ్లీ కొత్త గొట్టం కడిగి చేశానని చెప్పింది. అప్పుడే గంట మోగింది. నిజానికి ఆమె పరిశోధన అంతా ఆ వాక్యంలోనే ఉంది. అనుమానం వచ్చింది, మళ్లీ చేసింది.

బొమ్మ సంగతికొస్తే నా తూకం కొంచెం మారుతుంది. అబ్బాయి పలువరుస గట్టిగా తగిలింది, కానీ ఆ నోరు ఎవరిదో, ఏ ఊరిదో తెలియదు. ఎక్కడ చూపించినా అంతే తగిలే బొమ్మ అది. అమ్మాయి మూడో చార్టు మీద చేత్తో గీసిన వీధుల పటం ఉంది. గీతలు వంకర. అక్షరాలు పై వరుసలో పెద్దవి, చోటు చాలక కింద చీమలంత. అయినా అందులో గుడి ఉంది, రేషన్ షాపు ఉంది, ఒక్కో బోరు పక్కన కిట్ చూపించిన రంగు స్కెచ్ పెన్నుతో నింపి ఉంది. చార్టు మీద అక్షరం మూడో వరుసలో కూర్చున్నవాడికి కనిపించాలన్న కనీస నియమాన్ని ఆమె తప్పింది. అబ్బాయి తప్పలేదు. కానీ ముందుకు వంగి చదవాలనిపించింది ఆమె చార్టునే.

భాష గురించి ఇక్కడ ఒక మాట. అమ్మాయి ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. 2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరై, ఏటా ఒక తరగతి చొప్పున పైకెక్కి 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. అందుకే చార్టులు తమిళంలో రాసింది, ధారాళంగా తమిళంలోనే చెప్పింది. ఒక్కచోట మాత్రం మాట తడబడింది. పళ్ల మీది మచ్చకు ఆమె నోట ముందు వచ్చిన మాట గార. గోడకు పూసేదీ గారే, పళ్లకు పట్టేదీ గారే. సున్నం పెచ్చులా పంటికి అంటుకుని, గోకినా పోని ఆ మరకకు ఇంతకన్నా సరైన మాట నాకు తెలియదు. వెంటనే సర్దుకుని తమిళ మాట అంది. అబ్బాయి ప్రసంగమంతా ఇంగ్లీషు. ఉచ్చారణ శుభ్రం, ఎక్కడా తడబాటు లేదు. అన్నిసార్లు అద్దం ముందు చెప్పుకున్నాడన్నమాట. సాధన చేశాడని మెచ్చుకోవాల్సిందే. కానీ సాధన ఎక్కువైతే మాట ఎండిపోతుంది. చేత్తో పట్టుకున్న సీసా బరువు ఆ ఇంగ్లీషులో ఎక్కడా తెలియలేదు.

అసలు తేడా ప్రశ్నల దగ్గర తేలింది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకుల్లో అప్రస్తుత ప్రసంగి ఒకడుంటాడు. మిగతా ఏడుగురికీ జవాబు చెప్పేవాడు కూడా వీడి దగ్గర తేలిపోవచ్చు. ప్రతి సెమినార్ హాల్లోనూ చివరి వరుసలో అలాంటివాడొకడు ఉంటాడు. అబ్బాయిని అడిగిందేమంటే: ఎన్ని బోర్లు, ఏ నెలలో? వివరాలన్నీ థీసిస్‌లో ఉన్నాయన్నాడు. పోటీ నియమంలో ప్రశ్నలు లేవు, నిజమే, నిర్వాహకులు ఉబలాటంకొద్దీ అడగనిచ్చారు. అయినా తన నీళ్ల సీసాల లెక్క నోటికి రాని పరిశోధకుణ్ణి నేను నమ్మలేను. అమ్మాయిని పశువుల సంగతి అడిగారు: ఈ నీళ్లు గొడ్లు తాగొచ్చా? అది తను చూడలేదని చెప్పింది. కిట్ కచ్చితమైన అంకె చెప్పదనీ, ఒక్కో రంగు ఒక మెట్టనీ, లీటరుకు 1 మిల్లీగ్రాము దాటిందో లేదో దాంతో తెలుస్తుందనీ, వేరే దారి లేనిచోట 1.5 దాకా సర్దుకోమని ప్రమాణమనీ ఆగకుండా చెప్పింది. వానకు ముందోసారి, తర్వాతోసారి చూశానంది. రెండు నిమిషాల్లో ఆమె ఎత్తు పెరిగినట్టు అనిపించింది.

చప్పట్లను కొలమానంగా పెట్టుకునేవాళ్లకు 1935 జనవరి 11 నాటి లండన్ సభ గుర్తుచేయాలి. 24 ఏళ్ల ఖగోళ శాస్త్రవేత్త చంద్రశేఖర్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో తెల్ల మరుగుజ్జు నక్షత్రాల బరువుకు ఒక హద్దు ఉందని గణితంతో చూపించాడు. వెంటనే లేచిన పేరుమోసిన శాస్త్రవేత్త ఎడింగ్టన్ దాన్ని ఎగతాళి చేసి సభను నవ్వించాడు. ప్రసంగ కళలో ఆ రోజు గెలిచింది ఎడింగ్టనే. వాక్యం, విరుపు, హాస్యం, ఆయన పేరుకున్న బరువు, అన్నీ ఆయన పక్షాన ఉన్నాయి. సూర్యుడి బరువుకు సుమారు 1.4 రెట్లన్న ఆ హద్దు మాత్రం చంద్రశేఖర్ పేరుతోనే నిలిచింది. నోబెల్ 1983లో వచ్చింది. అలాగని చంద్రశేఖర్ బాగా మాట్లాడనక్కర్లేదని కాదు. ఎదుటివాడు ఎక్కడ పట్టుకుంటాడో ముందే ఊహించుకోవడం కూడా సన్నాహంలో భాగం. తన తర్వాత ఎడింగ్టన్ మాట్లాడతాడని కార్యక్రమ పత్రం చూసి తెలుసుకునే సరికి చంద్రశేఖర్‌కు మిగిలింది ఒక్క రోజు.

నా మార్కుల కాగితంలో అబ్బాయికి చెప్పే తీరు కింద ఎక్కువ, అమ్మాయికి పని కింద ఎక్కువ పడ్డాయి. మొత్తం మీద అమ్మాయివే నాలుగు ఎక్కువ. అమ్మాయి ప్రసంగానికి నా పక్కన కూర్చున్న తీర్పరి ఒప్పుకోలేదు, హాలోజన్ల మూడు నిమిషాలకు ఆయన దగ్గర క్షమ లేదు. ఆ మాటకొస్తే నా దగ్గరా లేదు. ఆ మూడు నిమిషాలూ తీసేయమని, పసుప్పచ్చ గొట్టంతో మొదలుపెట్టమని ఆమెకు తర్వాత చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పాను: ఇంటికెళ్లి ఒకసారి తెలుగులో అవ్వకు చెప్పి చూడు.

చెప్పిందట. అవ్వ మంచం మీద కూర్చుని, నాలుగు చార్టులూ ఓపిగ్గా చూసి, "సరే గానీ పాపా, మనం ఏ బోరు నీళ్లు తాగాల?" అని అడిగిందట. నాలుగో చార్టు నిండా ధన్యవాదాలు, హెడ్‌మాస్టర్ గారి పేరు, పూలతీగ ఉన్నాయి. ఆ చార్టు తిప్పేసి, వెనక వైపు మళ్లీ ఊరి పటం గీసింది. ఈసారి బోర్లు మాత్రమే, తాగేవాటికి నీలం, తాగకూడనివాటికి ఎరుపు.