కాలముతో పరిహాసము

కాలమును దాటు కథలు లోకమునకు క్రొత్తవి కావు. 1895లో వెల్సు తన కథానాయకుని యంత్ర మెక్కించి భవిష్యత్తునకు బంపెను. అంతకు మిక్కిలి పూర్వమే మన భాగవతమున కకుద్మి మహారాజు కూతునకు వరుని నడుగ బ్రహ్మలోకమున కేగి, అచటి గానము ముగియువఱకు నిలిచినంతలో భూలోకమున 27 చతుర్యుగములు గడచిపోయినవి. కాని కాలమును, పురాణమును, హాస్యమును ముప్పేటగా బేని, దానితో నొక జాతి పడిన యన్యాయమును జెప్పిన గ్రంథము లరుదు. థామస్ కింగు 1993లో ప్రకటించిన ‘గ్రీన్ గ్రాస్, రన్నింగ్ వాటర్’ అట్టి నవల. ఇందు యంత్రము లేదు, కథయే విమానము.

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రమున బ్లాక్‌ఫుట్ ఆదివాసుల నడుమ ఈ కథ నడచును. లయనెల్ నలువదవ యేట నడుగిడుచున్నవాడు. టెలివిజనుల దుకాణమున గుమాస్తా. వాని మేనమామ ఈలై టొరంటోలో ఆంగ్లసాహిత్యము బోధించి, తల్లి మరణానంతరము స్వగ్రామమునకు మరలినాడు. ఆమె స్వహస్తములతో గట్టిన యింటికి ఎగువ నొక పెద్ద ఆనకట్ట లేచినది. నీరు వదలినచో నిల్లు మునుగును. ఈలై యిల్లు విడువడు. ఏండ్లతరబడి న్యాయస్థానములలో వ్యాజ్యము నడపును. ఇంతలో నలుగురు వృద్ధులు పిచ్చాసుపత్రినుండి తప్పించుకొని వత్తురు. లోకమును ‘బాగుచేయుట’ వారి వృత్తి. వారు సృష్ట్యాదినాటి నలుగురు స్త్రీలే యని మనకు గ్రమముగా దెలియును.

ఆ సృష్టికథలో హాస్యమునకు మూలము కయోటీ. అది మన కరటకదమనకులకు జ్ఞాతి యనదగిన జంతువు. తెలివికంటె తొందర హెచ్చు. దాని కల యొకటి మేల్కొని, తానే సర్వేశ్వరుడ నని యఱచును. ఆంగ్లమున కుక్కను దెలుపు ‘డాగ్’ అను మాటను త్రిప్పి వ్రాసిన ‘గాడ్’ అగును గదా! ఈ యక్షరక్రీడనుండియే పుస్తకమున సగము అల్లరి పుట్టినది.

ఆకాశమునుండి నీటిలో బడిన స్త్రీలలో నొకతెకు రాబిన్‌సన్ క్రూసో యెదురగును. ఆతనికి గావలసినది ఫ్రైడే అను సేవకుడు. నేనే క్రూసో నగుదును, నీవు ఫ్రైడేవు గమ్మని యామె యనగా నాతడు ససేమిరా యనును. ఇచట మేము పుస్తకము మూసి కొంతసేపు గూర్చుంటిమి. ఏండ్లకొలది క్రూసో కథను బాలురకు బోధించితిమి. ఫ్రైడేకు వేఱొక పేరుండెనేమో యని యొక్కనాడైన నడుగ మైతిమి. మమ్ము నవ్వించియే యీ రచయిత మా తప్పు మాకు జూపినాడు.

ఇంతకంటె క్లిష్టమైన ప్రశ్న వేఱొకటి గలదు. నవలకు హృదయము సూర్యనృత్యోత్సవము. ఆదివాసుల దానోత్సవములను, దేహమును గాయపఱచుకొను ఆచారములు గల నృత్యములను కెనడా ప్రభుత్వము 1895లో నేరములుగా నిర్ణయించెను. 1951లో గాని యా నిషేధము తొలగలేదు. దురాచారముల నిరసించు మావంటివారికి ఇట్టి శాసనము మొదట న్యాయముగనే తోచును. కాని శాసించిన వారెవరు? వారి భూముల గైకొన్నవారు. వారి బిడ్డలను దూరపు బడులలో నుంచి మాతృభాషను మాన్పించినవారు. తన యింటిని తాను శుభ్రము చేసికొనుట సంస్కరణము; పొరుగువాడు వచ్చి సామానుతో గూడ ఊడ్చుకొనిపోవుట దోపిడి. రెండింటను చీపురు గనబడును. ఆ చీపురు ఎవరి చేతిలో నున్నదో చూడనివాడు సంస్కర్త గాజాలడు.

కింగు తనవారి పురాణమును పూజాపీఠమున నిలుపలేదు. కయోటీ యాడిపాడగా భూకంపము పుట్టును, మూడు మోటారుకార్లు నీటిపై దేలిపోయి కట్టను దాకును, ఆనకట్ట బ్రద్దలగును. ఆ కార్ల పేళ్లు కొలంబసు మూడు ఓడల పేళ్లను స్ఫురింపజేయును. 1492నాటి యాత్ర యిట్లు తిరిగివచ్చి తెల్లవారి కట్టనే కూల్చినది. కాని యా వఱదలో ఈలైయు మరణించును. దేవతల చిలిపితనమునకు మూల్యము మనుష్యులే చెల్లింతురని రచయిత దాచలేదు.

దోషములు లేకపోలేదు. పేళ్లలోని శ్లేషలు మితిమీఱినవి. ఆసుపత్రి వైద్యుని పేరు వడిగా బలికిన ‘జెహోవా’ యగునని గ్రహింపని పాఠకుడు నవ్వు గోల్పోవును. తెల్లవారి పాత్రలు పలుచోట్ల బొమ్మలుగనే మిగిలినవి. ఈలై మరణమున కింకను గొన్ని పుటలు చెల్లవలసినది.

అయినను కడపటి దృశ్యము మఱపునకు రాదు. ఇల్లు కొట్టుకొనిపోయిన చోట ఈలై సోదరి నార్మా కఱ్ఱ నాటి, ఇల్లు మరల నిచ్చటనే కట్టుద మనును. పచ్చిక పచ్చగా నున్నంతవఱకు, నీరు పాఱునంతవఱకు భూమి మీదే యని ఒడంబడికలలో వ్రాసిన వాగ్దానమే ఈ గ్రంథమునకు నామమైనది. వాగ్దానము చేసినవారు మఱచినను నార్మా మఱవలేదు. ఆంగ్లము చదువగల మా సోదరీసోదరు లీ నవలను దప్పక చదువుదురు గాక. చదివి, తమ బిడ్డలకు క్రూసో కథ చెప్పునపుడు ఫ్రైడేను గూర్చియు నొకమాట యడుగుదురు గాక.